పచ్చ తొట్టీ, కుడితి కుండా

ఈ సంగతి రాసి పెట్టవలసిన అవసరం నాకు గత ఏడాది కోయంబత్తూరులోని ఒక గ్రంథాలయంలో కలిగింది. రిటైరైన తర్వాత వారానికి నాలుగు రోజులు అక్కడే కూర్చుంటాను. ఒకరోజు ఊళ్ల పారిశుద్ధ్యం మీద ఎవరో అచ్చు వేయించిన చిన్న పుస్తకం తిరగేస్తుంటే, నేను పనిచేసిన పట్టణ పంచాయతీ పేరు కనబడింది. అక్కడి తెలుగు వీధిలో వంటింటి చెత్త వృథాగా పోదని, అది మళ్లీ వాడకంలోకి వెళ్లే పద్ధతిని అప్పటి శానిటరీ ఇన్‌స్పెక్టర్ ప్రజలకు అవగాహన కల్పించి ప్రవేశపెట్టారని అందులో ఉంది.

ఆ శానిటరీ ఇన్‌స్పెక్టర్ నేనే. నేను దేన్నీ ప్రవేశపెట్టలేదు. అప్పటికే నడుస్తున్నదాన్ని ఆరు వారాల్లో దాదాపు నిలిపేశాను. అచ్చులో పడిన తప్పును కాగితం మీదే సరిచేయాలి కాబట్టి ఇది రాస్తున్నాను.

తెలుగులో ఎందుకు అంటే దానికీ ఒక కారణం ఉంది. మా ఊరు బోడినాయకనూరు, అందరూ బోడి అంటారు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు అక్షరాలు నాకు ముప్పై నాలుగో ఏట వచ్చాయి. బోడి శాఖా గ్రంథాలయంలో ఒక అర నిండా తెలుగు పుస్తకాలు ఉండేవి, చదివేవాళ్లు లేరు. అందులోని చిన్నపిల్లల వాచకాన్ని ఏడాది పాటు నేనే మళ్లీ మళ్లీ తీసుకున్నాను. దాని వెనక అట్ట మీద తేదీ ముద్రలన్నీ నావే. అంత కష్టపడి నేర్చుకున్నవి మందుల చీటీల మీద పేరు రాసుకోవడానికే వాడితే ఎలా?

ఊరి పేరు మాత్రం రాయను. అక్కడి వాళ్లందరూ బాగానే ఉన్నారు, నోళ్లు కూడా బాగానే ఉన్నాయి.

నా పదవీ విరమణకు ఏడాదిన్నర ఉండగా, ఒక జూన్ నెల మొదటి సోమవారం, బోడి నుంచి బదిలీ మీద వచ్చి అన్నూరు దారిలో ఉన్న ఆ పట్టణ పంచాయతీలో చేరాను. పట్టణ పంచాయతీకి అధికారి ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్, అందరూ ఈ.ఓ. అంటారు. ఆయన కింద చెత్త, కాలువలు, దోమలు చూసేది శానిటరీ ఇన్‌స్పెక్టర్. ఈ.ఓ. పైన అసిస్టెంట్ డైరెక్టర్, అంటే ఏ.డి. మా ఈ.ఓ. కార్తికేయన్ తమిళుడు, నాకంటే ముప్పై ఏళ్లు చిన్న. నన్ను "సార్" అని పిలిచి నాకే ఉత్తర్వులు ఇవ్వడం ఆయనకు ఇబ్బందిగా ఉండేది. అందుకని ఉత్తర్వులను క్షమాపణల్లా చెప్పేవారు.

చేరిన రోజే ఆయన నన్ను వనరుల పునరుద్ధరణ పార్కుకు తీసుకెళ్లారు. పార్కు అంటే పూలమొక్కలు కావు. రేకుల షెడ్డు, అందులో ఇటుకలతో కట్టిన పన్నెండు తొట్లు, ఒక జల్లెడ యంత్రం, ఒక కొళాయి. ఇళ్ల నుంచి వచ్చే తడి చెత్తను ఎండుటాకులతో పొరలు పొరలుగా తొట్టిలో నింపి, మొదట్లో కొంచెం పేడ నీళ్లు చల్లి, వారానికోసారి తిరగేస్తారు. లోపల అది దానంతట అదే వేడెక్కుతుంది. ఇనుప కడ్డీ గుచ్చి కాసేపాగి బయటికి లాగితే పట్టుకోలేనంత వేడి ఉండాలి. ఉంటే పని జరుగుతోందని లెక్క. నలభై, నలభై ఐదు రోజులకు టీ పొడిలా నల్లగా ఎరువు అవుతుంది. నేను వెళ్లిన రోజున పన్నెండు తొట్లూ కడిగిన గిన్నెల్లా ఉన్నాయి.

ఈ.ఓ. క్షమాపణ స్వరంలో సంగతి చెప్పారు. సెప్టెంబరు రెండో వారంలో ఏ.డి. తనిఖీ. అప్పటికి ఆరు తొట్లైనా నిండి ఉండాలి, ఒక్క తొట్టి ఎరువైనా జల్లెడ పట్టి చూపాలి. లేకపోతే షెడ్డును ట్రాక్టర్లు నిలపడానికి మార్చి, అక్కడ పనిచేసే ఐదుగురు ఆడవాళ్లను తిరిగి కాలువ గ్యాంగుకు పంపేస్తారు. కాలువ గ్యాంగు అంటే పొడుగు కర్ర పారతో మురుగు కాలువ లోంచి బురద తీసి గట్టు మీద వేసే పని. వానాకాలంలో మోకాలి దాకా దిగాలి.

ఆ ఐదుగురికీ పెద్ద చెల్లమ్మ. పదకొండేళ్లు కాలువలో పనిచేసి, అప్పటికి నాలుగు నెలల కిందటే షెడ్డుకు వచ్చింది. ఆమెదీ ఇంట్లో తెలుగే. ఆమె తెలుగుకూ మా ఇంటి తెలుగుకూ మధ్య కొంత దూరం ఉంది. ఆ దూరం ఎందుకో ఊరందరికీ తెలుసు, ఏ రిజిస్టరులోనూ ఉండదు. ఈ షెడ్డులో పని ఎలా ఉందని నేను అడిగితే ఆమె కొళాయి వైపు చూపింది.

"నీళ్లు ఉండాది సార్. చెయ్యి కడుక్కోని అన్నం తింటా ఉండాము."

తిరిగి వస్తూ కాలువ దాటే చోట నేను పేడలో కాలు వేశాను. చెల్లమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి, ఏదో చెప్పబోయింది. నేను తొట్ల కొలతలు అడిగాను. "సరింగ సార్" అని వెళ్లి టేపు తెచ్చింది. కోయంబత్తూరు చుట్టుపక్కల, అంటే కొంగునాట్లో, మర్యాదకు ఈ "ంగ" తగిలిస్తారు. ఆమె నోట "సరింగ సార్" అంటే ఒప్పుకున్నానని కాదు, మీతో పెట్టుకోనని అర్థం. ఇది తెలియడానికి నాకు ఆరు వారాలు పట్టింది.

నేను పుస్తకాలు చదివి నేర్చుకున్నవాడిని కాబట్టి పని కూడా పుస్తకాలతోనే మొదలుపెట్టాను. వాడిన వస్తువును పారేయకుండా మళ్లీ వాడకంలోకి తిప్పే పద్ధతిని పుస్తకాల్లో వృత్తాకార ఆర్థిక వ్యవస్థ అంటారు. దాని మీద దొరికినవన్నీ చదివి, రెండు నోటు పుస్తకాలు నింపి, ఒక పెద్ద అట్ట మీద చక్రం గీసి, నాలుగు రంగుల బాణాలు వేశాను. దాన్ని తీసుకుని తెలుగు వీధికి వెళ్లాను. ఆ వీధిలో సుమారు నూరు ఇళ్లు. ముత్తాతల కాలం నుంచి వ్యవసాయం. ఇప్పుడు పొలాలు చాలావరకు మిల్లులకూ ఇళ్ల స్థలాలకూ పోయాయి. ఆవులున్న ఇళ్లు మాత్రం తొమ్మిది మిగిలాయి.

రేషన్ షాపు ముందు ఒక ముప్పై మందిని పోగుచేసి ఉపన్యాసం మొదలుపెట్టాను. ముందు వరసలో రంగవ్వ కూర్చుంది. డెబ్భై ఎనిమిదేళ్లు, మూడు ఆవులు. వీధిలో ఏ మాటైనా ఆమె దగ్గరే తెగుతుంది.

"ఇదేమి తంబి, సైకిలు చక్రమా?" అంది. ఆమెకు చిన్నవాళ్లందరూ తంబి, లేదంటే కణ్ణు.

"కాదవ్వా. ఇది వృత్తాకార ఆర్థిక వ్యవస్థ. మనం పారేసేది మళ్లీ మన దగ్గరికే ఎలా వస్తుందంటే..."

"పారేసేదా? మా ఇంట్లో పారేసే పిల్ల ఎవుతీ లేదు కణ్ణు. పారేసేటోళ్లని మేము కోడలుగా తెచ్చుకోము."

ముప్పై మందీ నవ్వారు. వెనక నుంచి ఎవరో, "ఈ ఇన్‌స్పెట్టరు రేడియో మాదిరి మాట్లాడతాడే! వార్తలు ఎప్పుడు చదువుతాడు?" అన్నారు. పుస్తకాల తెలుగుకు ఆ వీధిలో దక్కిన గౌరవం అది. నేను వార్తలు చదివినట్టే మిగతా ఉపన్యాసం పూర్తిచేసి, ఇంటికి రెండేసి ప్లాస్టిక్ తొట్లు పంచాను. పచ్చది తడి చెత్తకు, నీలం పొడి చెత్తకు.

మర్నాటి నుంచి పొద్దున ఆరున్నరకు బ్యాటరీ బండి వెనక నేనే నడిచాను. చెల్లమ్మ విజిల్ ఊదేది. నీలం తొట్లు నిండుగా వచ్చేవి. పచ్చ తొట్లు రావు. వారం రోజులు రిజిస్టరులో తడి చెత్త గడిలో "లేదు" అని రాశాను. ఎనిమిదో రోజు ఒక నిమ్మ తొక్క వచ్చింది. విచారిస్తే అది నా టిఫిన్ డబ్బాలోదే.

తొమ్మిదో రోజు ఇళ్లలోకి వెళ్లి చూశాను. ఒకరింట్లో పచ్చ తొట్టిలో చింతపండు, ఇంకొకరింట్లో నానబెట్టిన బట్టలు. నాగరత్నం వదిన ఇంట్లో దోసె పిండి. ఈ వదిన మా ఆవిడకు పెదనాన్న కూతురు, నన్ను పేరు పెట్టి అళగిరీ అంటుంది.

"మూత బిగువుగా ఉండాది అళగిరీ, పిండి బాగా పులుస్తాది. ఇంకొకటి ఇప్పిస్తావా?" అని అడిగింది.

"మరి కూరగాయల తొక్కలు ఎక్కడ వేస్తావు వదినా?"

ఆమె నన్ను జాలిగా చూసి వంటింటి మూల మట్టికుండ చూపింది. అదే కుడితి కుండ.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, కూరగాయల తొక్కలు, మిగిలిపోయిన అన్నం, అన్నీ కలిపితే కుడితి. అది ఆవులకు పోస్తారు. ఇంతవరకు ఎక్కడైనా ఉన్నదే. ఆ వీధి ప్రత్యేకత ఏమిటంటే, ఆవు లేని ప్రతి ఇంటి కుండా ఒక ఆవున్న ఇంటికి కట్టుబడి ఉంటుంది. ఏ కుండ ఏ ఇంటికి అన్నది తాతల నాడు నిర్ణయమైంది. నాగరత్నం వదిన కుండ ఎదురింటి రంగవ్వకు, వదిన మాటలో రంగత్తకు, వెళుతుంది. వెళ్లిన కుండ ఉత్తిగా తిరిగిరాకూడదు. కడిగి, అందులో మజ్జిగో, మునగాకో, వాకిలి అలకడానికి పేడ ముద్దో పెట్టి పంపుతారు. నా నాలుగు రంగుల బాణాలు అక్కడ ఒక మట్టికుండలో తిరుగుతున్నాయి.

ఇక్కడే నా చదువు నన్ను ముంచింది. ఇంత చక్కని ఏర్పాటు చూసి సంతోషించవలసింది పోయి, నేను ఆఫీసుకు వచ్చి నివేదికలో, "తడి చెత్త అనధికార మార్గాల్లో తప్పిపోతున్నది" అని రాశాను. రాసిన వాక్యం బాగుందనిపించి రెండుసార్లు చదువుకున్నాను కూడా.

ఆ సాయంత్రం షెడ్డులో చెల్లమ్మతో, తొట్లు నింపడానికి దారి చూడాలని అన్నాను.

"పేడ ఉండాది గదా సార్" అంది.

నేను ఫారం తెరిచి చూపాను. పేడ "కావలసిన సామగ్రి" కింద ఉంది, సున్నం, ఎండుటాకుల పక్కన. అది చెత్త కాదు. చెత్త అంటే ఇంటి నుంచి రావాలి.

"సరింగ సార్" అంది.

ఒక్క ఇల్లు మొదలుపెడితే మిగతావి వెంట వస్తాయని నేను చదివి ఉన్నాను. అందుకని నాగరత్నం వదినను పట్టుకున్నాను. బంధుత్వం అడ్డం పెట్టి, ఐదుగురు ఆడవాళ్ల పని సంగతి చెప్పి, ఇంకో పచ్చ తొట్టి ఇస్తానని ఆశ పెట్టి ఒప్పించాను. జూలై మొదటి వారంలో ఒక బుధవారం ఆమె తొక్కలన్నీ పచ్చ తొట్టిలో వేసింది. రిజిస్టరులో మొదటిసారి ఒక అంకె పడింది. గురువారం కూడా పడింది.

శుక్రవారం పొద్దున రంగవ్వ మనవరాలు నాగరత్నం వదిన గుమ్మంలో ఆమె కుండను పెట్టి వెళ్లింది. ఉత్తి కుండ. పైగా బోర్లించి పెట్టింది.

వదిన నాకు ఫోన్ చేసినప్పుడు మొదట ఏడుపు, తర్వాత మాటలు వచ్చాయి. "నలభై ఏండ్లుగా పొయ్యే కుండ! నీ మాట విన్నందుకు నన్ను వీధిలోంచి తీసేసినారు. రంగత్త నా మొహం చూడలేదు. పచ్చ తొట్టి నువ్వే పెట్టుకో, అందులో నువ్వే కూచో!"

అప్పుడు తెలిసింది. ఆ వీధిలో కుడితి ఆగిందంటే మాట ఆగినట్టు. ఇల్లు మారినా, పెళ్లి సంబంధం తప్పినా ఆగని కుండ, పెద్ద తగువు వస్తేనే ఆగుతుంది. తగువు ఏమిటో తెలియక రంగవ్వ రెండు రోజులు ఆలోచించి, నాగరత్నమే తనను కాదనుకుందని తేల్చుకుంది. ఆ తర్వాత వీధి వీధంతా కుండలు మరింత గట్టిగా పట్టుకుంది. పచ్చ తొట్టి పేరెత్తితే తలుపులు మూసేవారు.

తనిఖీకి రెండు నెలలు. నేను ఆఖరి మార్గం పట్టాను. అన్నూరు కూరగాయల మార్కెట్టు నుంచి ఒక టెంపో నిండా కుళ్లిన టమాటాలు, క్యాబేజీ ఆకులు తెప్పించాను. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఊరి నుంచి చెత్త బయటికి పంపినవాడిని, మొదటిసారి బయటి చెత్తను ఊళ్లోకి తెచ్చాను. టెంపో తెలుగు వీధి మలుపులో గుంతలో పడి, సగం టమాటాలు రేషన్ షాపు ముందు ఒలికాయి. నేను చక్రం బొమ్మ పెట్టి ఉపన్యాసం చెప్పిన చోటే.

మూడో రోజు ఒక పిటిషన్ వచ్చింది. మా వీధి శుభ్రంగా ఉంది, పంచాయతీ ఇన్‌స్పెక్టర్ వేరే ఊరి కుప్ప, అంటే చెత్త, తెచ్చి మా వీధిలో పోస్తున్నారు, విచారణ జరిపించాలి. అరవై సంతకాలు. పిటిషన్లన్నీ ఈ.ఓ. గారికి వెళతాయి, ఆయన పొద్దున ఇరవై కాగితాల మీద వరసగా "శా.ఇ. విచారించి నివేదిక ఇవ్వాలి" అని రాస్తారు. దీని మీదా రాశారు. శా.ఇ. అంటే నేను. నియమం ప్రకారం నేను నన్ను విచారించి, "విచారించాను. ఫిర్యాదు నిజం. సదరు వ్యక్తిని మందలించాను" అని రాసి పంపాను.

అరగంటలో ఈ.ఓ. నా బల్ల దగ్గరికే వచ్చారు. కాగితం చేతిలో ఉంది. నవ్వాలో కోప్పడాలో తేల్చుకోలేక, "మందలింపు గట్టిగా చేశారా సార్?" అని మాత్రం అడిగారు.

మర్నాడు రంగవ్వ షెడ్డుకు వచ్చింది. ఆ పక్కకు ఆమె ఎప్పుడూ వచ్చి ఎరగదు. చేతికర్ర ఆనించి తొట్లన్నీ ఒక్కొక్కటే వంగి చూసింది. నాగరత్నం కుడితి ఏ ఆవుకు పోతోందో చూడాలని వచ్చిందట. తనకంటే మంచి ఆవు ఊళ్లో ఎవరికి ఉందో తెలుసుకోవాలి కదా.

"ఆవు యాడ?" అంది.

"ఆవు లేదవ్వా. ఈ తొట్టిలో వేస్తాం."

"పాలిస్తాదా?"

"ఎరువు ఇస్తుంది. నలభై ఐదు రోజులకు."

రంగవ్వ నా ముఖం చూసింది. నాకు ఏదైనా జబ్బేమో అన్నట్టు, కొంచెం మెత్తగా మాట్లాడింది.

"నలబై అయిదు దినాలా? మా లచ్చిమి పొద్దున తాగి సాయంత్రానికి ఇస్తాది కణ్ణు. ఎరువు ఏం చేసుకోవాల? పొలం ఉండే కాలంలో మా పేడని అన్నూరు బండ్లు వచ్చి తోలుకోని పొయ్యేవి. ఇప్పుడు పొలమూ లేదు, బండీ లేదు. పోసేదానికి తావు లేక తొమ్మిది ఇండ్లోళ్లమూ దినమూ నీళ్లు కొట్టి కాలవలోకి తోస్తా ఉండాము. నీవేమో టమాటా తెచ్చి, ఎరువు కావాలని తపస్సు చేస్తా ఉండావు!"

చెల్లమ్మ పార గోడకు ఆనించి, కొళాయి కట్టేసి, నా వైపు చూడకుండా నిలబడింది.

నేను ఆఫీసుకు వెళ్లి నా బల్ల సొరుగు తెరిచాను. అందులో నాకు ముందు పనిచేసిన ఇన్‌స్పెక్టర్లు వదిలిన పాత పిటిషన్ల కట్ట ఉంది. చేరిన రోజు లెక్కపెట్టి సంతకం చేసి తీసుకున్నాను, చదవలేదు. చదువరినని ఇంత చెప్పుకునే నేను చదవని కట్ట అదొక్కటే. అందులో పదకొండు పిటిషన్లు ఒకే సంగతి మీద ఉన్నాయి. తెలుగు వీధి కాలువలోకి పేడ తోస్తున్నారు, కాలువ పూడిపోతోంది, తీసిన పేడ వేయడానికి చోటు చూపించాలి. ఏడాదికి ఒకటి. బడికి వెళ్లే ఎవరో పిల్ల చేత రాయించినవి, అక్షరాలు ఏటికేడు కుదురుగా అయ్యాయి. అన్నిటి కిందా ఒకే పేరు: చెల్లమ్మ, కాలువ గ్యాంగు.

చక్రం ఆ వీధిలో ఎప్పటి నుంచో తిరుగుతోంది. తెగింది ఒక్కచోట, పేడ పొలానికి వెళ్లే చోట. నేను మిగతా అన్నిచోట్లా రిపేరు చేశాను. తెగిన చోట మొదటి రోజే కాలు వేసి, కడుక్కుని వచ్చాను.

తిరిగి షెడ్డుకు వెళ్లి చెల్లమ్మతో, పేడ సంగతి నువ్వు ముందే చెప్పావని అన్నాను.

"పదకొండు ఏండ్లుగా చెప్తానే ఉండాను సార్. మీరు ఒకరు తిరిగొచ్చి ఒప్పుకొన్నారు, అది చాలు. బండి ఎప్పుడు తీయాల?"

బండి తీయడానికి రంగవ్వ ఒప్పుకోవాలి. ఆమె ఇస్తే తొమ్మిది ఇళ్లూ ఇస్తాయి. ఆమె ఒక షరతు పెట్టింది. నాగరత్నం కుండ తిరిగి రావాలి. నాగరత్నం తెస్తే కుదరదు. "తప్పించిన చెయ్యే తేవాల" అంది.

మర్నాడు పొద్దున ఏడింటికి, మెడలో గుర్తింపు కార్డుతో, నేను నాగరత్నం వదిన ఇంటి నుంచి కుడితి కుండ ఎత్తుకుని వీధి దాటాను. దూరం పదిహేను అడుగులు. రెండు వైపులా అరుగుల మీద జనం. వదిన కావాలనే కుండ అంచు దాకా నింపింది.

"పైలంగా అళగిరీ, పులుసు ఉండాది" అంది.

"ఇన్‌స్పెట్టరు కుప్ప మోసేది ఇప్పుడు నేర్చుకుంటా ఉండాడు" అని ఎవరో అన్నారు.

"విజిలు ఊదండప్పా, బండి వస్తా ఉండాది!" అని ఇంకొకరు. చెల్లమ్మ నిజంగానే ఊదింది.

నడి వీధిలో కొంత నా ఖాకీ చొక్కా మీద ఒలికింది. మిగతాది లచ్చిమి తాగింది. రంగవ్వ కుండ కడిగి, మజ్జిగ పోసి, నా చేతికే ఇచ్చింది. మళ్లీ పదిహేను అడుగులు దాటి వదినకు ఇచ్చాను. ఆమె రంగత్త వైపు చూసింది, రంగత్త ఆమె వైపు చూసింది. ఇద్దరూ కలిసి నన్ను తిట్టడంతో రాజీ కుదిరింది.

ఆ రోజు నుంచే తొమ్మిది ఇళ్ల పేడ బండి మీద షెడ్డుకు వచ్చింది. ముందు దాన్ని రెండు రోజులు ఆరనిచ్చి, ఎండుటాకులతో పొరలు వేశాం. అన్నూరు టమాటాలు కూడా మొదటి తొట్టిలో కలిసిపోయాయి. నాలుగో రోజుకు కడ్డీ వేడెక్కింది. చెల్లమ్మ కడ్డీ లాగి, పట్టుకోలేక వదిలేసి, మిగతా నలుగురినీ పిలిచి ఒక్కొక్కరి చేతా పట్టించింది.

ఈ.ఓ. గారికి ఫారం సంగతి బెంగ. పేడను ఏ గడిలో రాయాలి? ఇక్కడ నా చదువు మొదటిసారి పనికొచ్చింది. ఫారం చివరి పుటలో, చిన్న అక్షరాల్లో, "ఇతర కుళ్లే వ్యర్థాలు" అని ఒక గడి ఉంది. ఎవరూ నింపగా నేను చూడలేదు. దాన్ని నింపాను. కుడితి కోసం విడిగా ఒక పట్టిక తయారుచేశాను. ఏ ఇంటి కుండ ఏ ఇంటికి పోతుందో రంగవ్వ చెబుతుంటే నేను రాసుకున్నాను. నూరు ఇళ్లూ ఆమె ఒక్క కాగితం చూడకుండా చెప్పింది, మధ్యలో ప్రతి ఇంటి కోడలి గుణగణాలతో సహా. అవి నేను పట్టికలో చేర్చలేదు.

తనిఖీకి వచ్చిన ఏ.డి. తమిళరసి గారు మాట తక్కువ మనిషి. తొట్లు చూశారు. ఏడు నిండి ఉన్నాయి. మొదటి తొట్టి ఎరువును మా ముందే జల్లెడ పట్టించారు. చెయ్యి పెట్టి, వాసన చూసి, రిజిస్టరు తెరిచారు.

"ఇంటి తడి చెత్త గడిలో రెండు రోజులు తప్ప ఏమీ లేదు. అది ఎక్కడ ఉంది?" అని అడిగారు.

"ఆవులో ఉంది మేడమ్" అన్నాను.

ఆమె పెన్ను మూత పెట్టారు. ఈ.ఓ. కళ్లు మూసుకున్నారు. నేను పట్టిక ఆమె ముందు పెట్టి, ఒక పది నిమిషాలు వీధిలోకి రమ్మని వేడుకున్నాను.

రంగవ్వ ఇంటి ముందు అప్పుడే ఐదు కుండలు వచ్చి ఉన్నాయి. ఏ.డి. గారు అడిగిన ప్రశ్న అసలైనది. ఇందులో ప్లాస్టిక్ ముక్కో, పిన్నో పడితే ఆవు సంగతేమిటి? రంగవ్వ ఒక కుండ ఎత్తి వెదురు బుట్టలో వడపోసింది. బుట్టలో మిగిలినదాన్ని వేళ్లతో కెలికి చూపించింది. తర్వాత సగం తమిళంలో, సగం తెలుగులో ఇలా చెప్పింది.

"పోయిన పంగుని నెలలో నాలుగో ఇంటి కోడలు పాల కవరు మూల తుంచి వేసింది. మొత్తం కవరు గాదు, మూల! ఆ పొద్దు మధ్యాన్నానికి వీధంతా తెలిసిపోయె. ఇప్పటికీ దాని పేరు కవరు సుమతే."

కవరు సుమతి అక్కడే ఉంది. తలుపు వెనక్కి వెళ్లింది.

ఏ.డి. గారు మొదటిసారి నవ్వారు. మా తనిఖీల్లో ఇంత గట్టి శిక్ష లేదన్నారు. తిరిగి షెడ్డుకు వచ్చి, కడ్డీ తానే లాగి చూసి, చెయ్యి విదిలించుకుని, తనిఖీ పుస్తకంలో రాశారు: షెడ్డు కొనసాగాలి, సిబ్బంది మార్పు లేదు, పేడ సేకరణకు విడిగా గడి చేర్చాలి. చెల్లమ్మకు చదివి వినిపించాను. "సరింగ సార్" అంది. ఈసారి దాని అర్థం వేరు.

కాలువ ఆ వానాకాలం పూడలేదు. అన్నూరు రైతులు ఎరువుకు మళ్లీ రావడం మొదలుపెట్టారు, ఈసారి షెడ్డుకు. నేను పదవీ విరమణ చేసే దాకా పచ్చ తొట్లు దోసె పిండికే వాడుకలో ఉన్నాయి. వెనక్కి అడగలేదు.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఇంతే. ఒక ఊరికి కొత్త పద్ధతి తెచ్చేముందు, పాత పద్ధతి ఎక్కడిదాకా నడుస్తోందో, ఎక్కడ ఆగిందో చూడాలి. ఆగిన చోటు ఏదో కాలువ తీసేవాళ్లకు ముందు తెలుస్తుంది. వాళ్లు చెప్పింది సాధారణంగా ఆఫీసులోనే, ఏదో ఒక సొరుగులో, రాతపూర్వకంగా ఉంటుంది. పుస్తకాలు చదవడం మంచిదే. ముందు సొరుగు చదవాలి.

ఇక కృతజ్ఞతలు. నా విచారణ నివేదికను పై అధికారులకు చూపని కార్తికేయన్ గారికి. పది నిమిషాలు అడిగితే గంట ఇచ్చిన తమిళరసి గారికి. కుండ అంచు దాకా నింపిన నాగరత్నం వదినకు. పట్టిక చెప్పిన రంగవ్వకు, ఆమె లచ్చిమికి. పేరు మాసిపోనందుకు ఇప్పటికీ నా మీద కోపంగా ఉన్న సుమతికి. తొట్లు తిరగేసిన మారియమ్మ, పళనియమ్మ, సరస, ముత్తులచ్చిమిలకు. వాచకం పదే పదే ఇచ్చిన బోడి గ్రంథాలయం సుబ్బయ్య గారికి.

చివరగా చెల్లమ్మకు, ఆ పదకొండు పిటిషన్లకు. పిటిషన్ అందిన నెలలోపు అర్జీదారుకు రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలని మా ఆఫీసు నియమం. వాటిలో ఒక్కదానికీ జవాబు వెళ్లలేదని రికార్డులో ఉంది. ఆలస్యానికి చింతిస్తూ, ఇదే ఆ జవాబు.